దొరతోటల ఆరు మూరల బాట

సంగం పోరాటం నడిచిన రోజుల్ల మా ఊర్ల అందరు ఏదో ఒకటి చేసిండ్రు. కొందరు ఒడిసెలలు పట్టి రజాకార్ల మీద రాళ్లు విసిరిండ్రు. కొందరు దళాలకు జొన్నరొట్టెలు మోసిండ్రు. నేను బాట కొలిచిన. ఎవరన్న అడిగితె గీ మాట చెప్పేటందుకు నాకు శానేండ్లు సిగ్గయ్యేది. ఇప్పుడు వయసు మీదపడ్డది, సిగ్గు జర తగ్గింది, అందుకే చెప్తున్న.

మా ఊరు ఇస్కలపల్లి. రామన్నపేటకు నాలుగు కోసుల దూరం, మూసీ ఒడ్డు మీద ఉంటది. నా పేరు కర్నాటి ధర్మయ్య, సాలోళ్ల ఇంట్ల పుట్టిన. మా తాత, మా బాపు గుంటమగ్గంల కాళ్లు పెట్టి కూసోనే బతుకు ఎల్లదీసిండ్రు. నేను మాత్రం ఒకసారి పట్నం పోయి, సైకిళ్ల మీద తిరిగే మనుషులను చూసి, మగ్గం దిక్కు మల్ల మనసు పెట్టలేకపోయిన. నాలుగు పాత సైకిళ్లు తెచ్చి బజార్ల కిరాయికి పెట్టిన. మా ఇంటిది ఆండాళు నా మగ్గం గూడ తనే నేసుకుంట ఇల్లు నడిపింది. నేను సైకిళ్లు తుడుసుకుంట కూసున్న. నాలుగో జమాత్ దాక ఉర్దూల సదివిన, తెలుగు సొంతంగ నేర్చుకున్న, పైంగ సైకిల్ తొక్కుత. గీ మూడిటితోని ఊర్ల నాకంటె తెలివిగల్లోడు లేడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. గా నమ్మకం ఊరికి ఉన్నదో లేదో నేను ఎన్నడు అడగలె.

ఇగ ఊరి సంగతి. మూసీకి, మా బజారుకు నడుమ దొర తోట ఉండె. పొడుగు అరకోసు, వెడల్పు యాభై అరవై బారలు. మామిడి చెట్లు, నిమ్మ చెట్లు, కింద మోకాలెత్తు పచ్చగడ్డి. సుట్టు ముండ్లకంప. గా తోటల దొర గుర్రం తప్ప ఇంకో పాణం కాలు పెట్టొద్దు. ఏటి రేవు నుంచి సరుకు బండి బజారుకు రావాలంటె తోట సుట్టు తిరిగి, గడి ముందటికెల్లి, అక్కడ బండి దిగి దొరకు దండం పెట్టి, మల్ల ఎక్కి రావాలె. కనుసూపు దూరానికి సగం పూట పట్టేది. సాలోళ్లకు పడుగులు చాపి గంజి పెట్టుకునేటందుకు వేరే జాగా లేకపాయె. బజారు నడుమనే నూలు చాపుకునేది. బండి వస్తె పడుగు ఎత్తాలె, పడుగు చాపితె బండి ఆగాలె. రోజు లొల్లే.

నలబై ఏడు ఆఖర్ల సంగం జోరు చూసి దొర పట్నంకు పారిపోయిండు. ముండ్లకంప పీకి ఊరంత కలిసి కాలవెట్టింది. గా తెల్లారి పొద్దున తోటలకు పోయి నిలవడితె కాళ్లకు గడ్డి తగిలింది. మా అవ్వ వయసున్న ముసలోళ్లు గూడ చెప్పులు చేతుల పట్టుకొని ఊకెనే అటుఇటు నడిసిండ్రు. నాక్కూడ కండ్లల్ల నీళ్లొచ్చినయి. పొగ తాకింది అని చెప్పిన.

వారం తిరగకముందే ఇప్పుడు గా జాగను ఏం చెయ్యాలె అనే పంచాయితి మొదలైంది.

మా సంగానికి పెద్ద బీరప్ప. గొర్లు కాసెటోడు, ఒడిసెల విసిరితె గురి తప్పడు, మాట మాత్రం తక్కువ. ఆయన అందరిని మామిడిచెట్ల కింద కూసోబెట్టి ఒక్కొక్కల్ని అడిగిండు. ముందుగాల కిరాణ దుకాణం వీరేశం సేటు లేసిండు. "తోట నడుమకెల్లి రేవుదాక బండి బాట తీయుండ్రి. ఉప్పు, బెల్లం, గ్యాసునూనె నేరుగ దుకాణం ముందల దిగుతయి. రజాకార్ల భయానికి ఇప్పటికే బండ్లోళ్లు వస్తలేరు, గా సుట్టుతిరుగుడుకు ఇంక అసలే రారు" అన్నడు. కుమ్మరి గుర్వమ్మ గూడ గదే మాట. ఆమె మొగడు పోయినంక ఒంటెద్దు బండిమీద కుండలేసుకొని తనే తోలుకుంట సంతలు తిరిగేది. "నా సరుకు నెత్తిమీద మోస్తె మోసినన్ని పలుగుతయి" అన్నది.

సాలోళ్లు ఒప్పుకోలె. నీడల పడుగులు చాపుకునేటి జాగా ఇన్నాళ్లకు దొరికింది, దాంట్ల బండ్లు తోలితె మల్ల బజారే అయితది అన్నరు. గొల్లోళ్లు ఈనిన గొర్లను గడ్డిమీద ఇడుస్తమన్నరు. అందరి మాటల్ల నిజం ఉన్నది.

అప్పుడు నేను లేసిన. ఎట్ల లేసిన్నో, ఎందుకు లేసిన్నో నాకే తెల్వదు. గని లేసినంక అందరు నా దిక్కు చూసిండ్రు, గా చూపు నాకు బాగ అనిపించింది. పట్నంల తోటలుంటయి, అండ్ల బండ్లు తోలరు, జనం గాలి పీల్చుకుంట నడుస్తరు, పక్కపొంటి సైకిళ్లు పోతయి అని చెప్పిన. దొర గుర్రానికి పనికొచ్చిన గాలి మన పిల్లలకు పనికిరాదా అని అడిగిన. ఇట్ల అరగంట. ఆఖరుకు తోట నడుమ బండి బాట వద్దే వద్దు, పైంగ బజార్లకు గూడ బండ్లు వద్దు, రేవు కాడనే బండ్లు ఆపి సరుకు మోసుకొద్దం, ఒడ్డుపొంటి మాత్రం సైకిళ్లకు ఒక సాఫు బాట వేద్దం అన్న. ఊర్ల సైకిళ్లు నాలుగే. నాలుగు నావే. గా సంగతి నాకు మాట్లాడేటప్పుడు యాదికి రాలె అంటె మీరు నమ్మాలె. ఆండాళు మాత్రం నమ్మలె.

జనం చప్పట్లు కొట్టిండ్రు. సంగం తీర్మానాల బుక్కు రాసేది నేనే కాబట్టి గదే ఊపుల రాసేసిన. బీరప్ప జరసేపు గడ్డి దిక్కు చూసి, "రాసినవు గదా, చేసి చూద్దం. తప్పయితె తిప్పి రాద్దం" అన్నడు. తిప్పి రాసే పని పడదు అనుకున్న.

తెల్లారి మనుషులను పెట్టి బజారు మొదట్ల రెండు రాతి కడీలు, తోటలకు దిగే కాడ ఇంకో రెండు పాతిపిచ్చిన. నడుమ రెండు మూరల సందు. సైకిల్ పోతది, బండి పోదు. ఒడ్డుపొంటి మొరం పోసి, నీళ్లు సల్లి, పల్లేరుకాయలు ఏరేసి బాట తయారు చేసినం. దానిమీద మొదటిసారి సైకిల్ తొక్కుకుంట పోయిన రోజు నేను మూసీ నీళ్లల్ల నా నీడను చూసుకున్న. చూసుకుంట చూసుకుంట ఒక సాలాయన పడుగులకు పోయిన. సగం దారాలు తెగినయి. ఆయన నన్నేమనలె. నేను బాట వేసిన పెద్దమనిషిని గదా.

బజారు సప్పబడ్డది. వీరేశం సేటు దుకాణంకు ఉప్పు బస్తా రేవు నుంచి ఇద్దరు మోసుకొచ్చే లోపల ఒకని నడుము పట్టింది. బండ్లోళ్లు రేవు కాడ ఆగుడెందుకు అని అవతల ఊరికే పోవుడు మొదలుపెట్టిండ్రు. గుర్వమ్మ కుండలు గంపల పెట్టుకొని కడీల సందుల్నుంచి అడ్డంగ నడిసి వచ్చేది. రెండు గంపల్ల ఒక కుండ పోయేది. ఒకరోజు నా దుకాణం ముందల ఆగి, పలిగిన పెంకు ఒకటి నా బల్లమీద పెట్టి పోయింది. నేను దాన్ని పక్కకు జరిపి సైకిల్ గొలుసుకు నూనె పెట్టుకున్న. మంచి పనికి మొదట్ల జర తకలీఫ్ ఉంటదని నాకు నేను చెప్పుకున్న. గా తకలీఫ్ నాకు కాకుంట ఇంకొకలకు అయితాందని చెప్పుకోలె.

గట్ల రెండు నెలలు గడిసినయి. నలబై ఎనిమిది ఎండకాలం వచ్చింది. ఒక పొద్దున ఆండాళు మగ్గం గుంటలకెల్లి లేస్తుంటె తొక్కుడుచెక్కల నడుమ కాలు ఇరుక్కొని పడ్డది. మడిమ కాడ ఎముక ఇరిగింది. నేను ఉరికొచ్చి చూసేసరికి కాలు పక్కకు తిరిగి ఉన్నది. నొప్పికి మొఖం తెల్లబడ్డది గని ఏడుస్తలేదు.

ఎముకలకు కట్టు కట్టే ఆయన ఏటవతలి ఊర్ల ఉంటడు. బండి కావాలె. గుర్వమ్మకు కబురు పోతె ఒక్క మాట అడగకుంట ఎద్దును కట్టి తోలుకొచ్చింది. తోలుకొచ్చి బజారు కడీల కాడ ఆగింది. అక్కడికి మా ఇల్లు రెండు వందల అడుగులు. మంచంమీద పండుకోబెట్టి మోస్తె అయిపోయేది. నలుగురు మంచం పట్టేటందుకు వచ్చిండ్రు గూడ. గని నా బుద్ధి ఏమయిందో, ఊరంత చూస్తాంది, నా కడీల వల్ల నా పెండ్లాం మంచం ఎక్కింది అంటరు అనిపించింది.

"మంచం వద్దు. సైకిల్ మీద తీస్కపోత. ఒడ్డు బాట సాఫుగ ఉన్నది, రేవు దాక జారినట్టే పోతది, ఏరు దాటినంక గూడ నేనే తొక్కుత" అన్న.

ఆండాళు నా దిక్కు చూసింది. "నీకు నేను ముఖ్యమా, బాట ముఖ్యమా?" అన్నది.

"నిన్ను పడగొడతనా?" అన్న.

మగ్గం కట్టె ఒకటి కాలుకు ఊతంగ కట్టి, ఎనక క్యారియర్ మీద దిండేసి కూసోబెట్టిన. కాలు పక్కకు చాపి ఆమె నా అంగి పట్టుకున్నది. సందుల్నుంచి బయటికొచ్చినం. ఒడ్డు బాట ఎక్కినం. కొద్దిదూరం నిజంగనే మంచిగ పోయింది. నేను సంతోషపడి, "చూసినవా" అని ఎనకకు తిరిగిన. గప్పుడే రెండు రోజుల గొర్రెపిల్ల ఒకటి గడ్డిలకెల్లి బాట మీదికొచ్చి నిలబడ్డది. అది జరగలె. నేను తిప్పిన. సైకిల్ దిగువకు జారి నిమ్మచెట్లల్లకు పోయి పడ్డది. కింద నేను, నా మీద సైకిల్, పక్కకు గడ్డిల ఆండాళు.

ఆమె మొత్తుకున్న మొత్తుకోడు నాకు ఇప్పటికి ఇనపడుతది. నేను ముండ్లల్లకెల్లి లేవలేకపోతున్న. బజారు దిక్కు నుంచి జనం ఉరికొస్తుండ్రు. గని అందరికంటె ముందల గుర్వమ్మ తోట కడీల కాడ గడ్డపార పట్టుకున్నది. వీరేశం సేటు ధోతి ఎగ్గట్టి కడీని అటుఇటు ఊపుతుండు. నాలుగు పోట్లకు కడీ ఒరిగింది. బండి సందుల్నుంచి వచ్చి, గడ్డిమీదికెల్లి మా కాడికి వచ్చి ఆగింది. ఎంత అలుకగ వచ్చిందో చూస్తె నాకు పడ్డ దెబ్బల కంటె అదే ఎక్కువ గుచ్చుకున్నది.

ఆండాళును బండిల గడ్డిమీద పండుకోబెట్టిండ్రు. నేను ఎక్కబోతె ఆమె చెయ్యి అడ్డంపెట్టింది. "ఊరికి మంచి చేసినవు. ఇగ నా కాలుకు గుర్వక్క చేస్తది. నువ్వు నడిసి రా" అన్నది.

నాలుగు మైళ్లు ఎండల బండి ఎనక నడిసిన. అంగి నిండ నిమ్మముండ్లు. ఎవరు నవ్వలె. నవ్వితె బాగుండు అనిపించింది.

కట్టు కట్టిన మూడో రోజు బీరప్ప మల్ల అందరిని తోటల కూసోబెట్టిండు. ఆండాళును మంచంతోని సహా తెచ్చిండ్రు. నేను బుక్కు పట్టుకొని ఒక మూలకు కూసున్న. ఈసారి నేను మాట్లాడలె. మాట్లాడుమని ఎవరు అడగలె గూడ.

గుర్వమ్మ లేసింది. చేతుల పుల్ల పట్టుకొని నేల మీద గీసుకుంట చెప్పింది. "గీ మామిడిచెట్లు ఇటు. గీ ఏరు అటు. పాత ముండ్లకంప ఉన్న జాగా రాళ్లు, పుట్టలు. అక్కడ చెట్టు లేదు, గడ్డి మొలవదు. గొర్రె గూడ మూతి పెట్టదు. ఆ అంచుపొంటి బండి పోయేటంత జాగా ఇస్తె రేవు నుంచి దుకాణాల ఎనకకు వస్తం. తోట నడుమ మేమెందుకు తొక్కుతం? మాకు దుకాణం కావాలె గని తోట కాదు."

ఒక సాలాయన, "మరి పడుగులు?" అన్నడు.

మంచం మీద నుంచి ఆండాళు అందుకున్నది. "పడుగులు చెట్ల కింద చాపుకుందం, బజార్ల ఎందుకు చాపుడు? అప్పుడు బజారు బండ్లకు ఖాళీ అయితది. మనం గంజి పెట్టేది సల్లటి పొద్దున. తాటిచెట్టు ఎత్తు పొద్దెక్కినంక చుట్టేస్తం. బండ్లు గప్పటి సంది రానీయి."

వీరేశం సేటు, "సంతరోజు మాత్రం పొద్దుగాలనే రానియ్యాలె" అన్నడు. ఇంకో గంట గదే పంచాయితి. సంతరోజు పడుగులు చాపొద్దు అని తేలింది. బండి బాట వెడల్పు ఎంత అన్నది వస్తె వీరేశం ఎనిమిది మూరలన్నడు, గొల్లోళ్లు నాలుగన్నరు. బీరప్ప పోయి గుర్వమ్మ బండి ఇరుసును చేత్తోని కొలిసి వచ్చి, ఎద్దు కడుపుకు ఒక మూర, తోలేటోనికి ఒక మూర కలిపి, "ఆరు" అన్నడు. నేను బుక్కుల ఆరు మూరలు అని రాసుకున్న.

"సైకిల్ బాట?" అని నేను అడిగిన. అడగొద్దు అనుకున్న గని నోరు ఊకోలె.

గుర్వమ్మ నా దిక్కు తిరిగింది. "ఉండనీ తమ్మీ. నడిసెటోళ్లకు గూడ మంచిగున్నది. గని పడుగులు ఉన్నకాడ సైకిళ్లు దిగి నడిపించుకపోవాలె. గొర్లు ఈనిన నెల గూడ."

నేను రాసిన. నా చేత్తోనే, నా సైకిళ్ల మీద నేనే. తోటల ఎక్కడ దిగాలె, ఎంత దూరం నడిపించాలె అన్నీ. రాసుడయిపోయినంక బీరప్ప నా భుజం మీద చెయ్యి పెట్టి, "మంచిగ రాసినవు, ధర్మయ్యా" అన్నడు. గాయన మెచ్చుకున్నది నన్ను జిందగీల గా ఒక్కసారే. అందుకే దాన్ని ఇంక పాడు చేసుకోకుంట ఇంటికి పోయిన.

నేను కొలత పట్టుకున్న. వీరేశం మనుషులు మిగిలిన కడీలు పీకి, పుట్టలు తవ్విండ్రు. పది రోజులల్ల బాట అయింది. గా నెలల రజాకార్లు రెండుసార్లు ఊరి మీద పడ్డరు, నాలుగిండ్లు కాలవెట్టిండ్రు. బీరప్ప, గాయన మనుషులు గుట్ట మీద నుంచి రాళ్లతోని ఎల్లగొట్టిండ్రు. గా రోజు నేను సైకిళ్లను గడ్డివామి కింద దాసుకుంట ఉన్న. అన్నీ చెప్తున్న కాబట్టి గిది గూడ చెప్తున్న.

భాద్రపదంల యూనియన్ మిల్ట్రీ వచ్చింది. నైజాము లొంగిండు అన్నరు. మేం బంతిపూల దండలు పట్టుకొని పోయినం. మిల్ట్రీ లారీలు వానకు నానిన తోటలకు దిగినయి, గడ్డి అంత దున్నినట్టయింది, మామిడిచెట్ల కింద డేరాలు లేసినయి. వాళ్లకు బాటలు, కొలతలు ఎవరు చెప్పాలె? వారం తిరిగేసరికి పట్నం నుంచి దొర దిగిండు. నెత్తిమీద తెల్లటోపీ. గాయనే మిల్ట్రీకి ఊరి మనుషుల పేర్లు రాసిచ్చిండు. బీరప్ప గా పొద్దే అడివి దిక్కు పోయిండు. నేను పోలె. నేను ఏం చేసిన అని పోవాలె?

ఇల్లు సోదా చేస్తె తీర్మానాల బుక్కు దొరికింది.

నన్ను డేరాల నిలబెట్టిండ్రు. ఆఫీసరుకు తెలుగు రాదు. సదివి చెప్పేటందుకు మద్రాసు దిక్కు నుంచి వచ్చిన ఒక గుమస్తా ఉన్నడు. గాయనకు మా మాట సగమే తెలుసు, నా రాత పావే తెలుసు. "పడుగులు చెట్ల కింద చాపవలెను" అన్న కాడ ఆగి, "ఇక్కడ పిడుగులు అని ఉన్నదండీ" అన్నడు.

"పిడుగులు కాదు సార్, పడుగులు. నూలు" అన్న.

"పొద్దెక్కినాక బండ్లు రావలెను అని ఉంది. ఏం బండ్లు? ఎక్కడి నుంచి?"

"ఉప్పు బండ్లు. కుండల బండి ఒకటి."

"సైకిళ్లవాళ్లు దిగి నడవవలెను. ఎందుకు దిగాలి? ఎవరికి కనబడకుండా?"

"గొర్లు ఈనుతయి సార్."

గుమస్తా ఆఫీసరుకు ఇంగిలీషుల చెప్పిండు. ఏం చెప్పిండో గని ఆఫీసరు లేసి నిలబడ్డడు. నేను ఎంత ఇడమర్చి చెప్తె అంత అనుమానం పెరిగింది. నేల మీద బాట గీసి చూపిచ్చిన. దాన్ని కాగితం మీద ఎక్కించుకున్నరు. రెండు దెబ్బలు పడ్డయి. నిజం చెప్పాలంటె గా దెబ్బల నడుమ గూడ నాకు లోపట లోపట ఒక సంబురం ఉండె. వీళ్లు నన్ను పెద్ద లీడర్ అనుకుంటుండ్రు. ఊర్ల ఎవరు అనుకోలె, గీ పరాయి ఆఫీసరన్న అనుకున్నడు. నల్లగొండ జేలుకు లారీల తీస్కపోయేటప్పుడు గా సంబురం మొత్తం దిగిపోయింది.

జేల్ల తొమ్మిది నెలలున్న. మా బారక్‌ల నలబై మంది. ఒకాయన తుపాకి గుండు తగిలి చెయ్యి పోగొట్టుకున్నోడు. ఒకాయన గడి గోడ దుంకినోడు. నన్ను అడిగితె మొదటి వారం మర్మంగ నవ్వి ఊకున్న. తర్వాత ఎవరో గట్టిగ అడిగితె ఉన్నది ఉన్నట్టు చెప్పిన. బారక్ బారకంత నవ్వింది. నిమ్మచెట్లల్ల పడ్డకాడ మల్ల చెప్పిపిచ్చుకున్నరు. నవ్వుడయిపోయినంక దేవరకొండ దిక్కు రైతు ఒకాయన నా పక్కకొచ్చి కూసున్నడు. "మా ఊర్ల గూడ గిదే లొల్లి. చెరువుకట్ట కింద జాగా. బండ్లోళ్లకు, మందలోళ్లకు పడతలేదు. మీరెట్ల కొలిసిండ్రో జర చెప్పు" అన్నడు. బొగ్గుతోని గోడ మీద గీసి చెప్పిన. ఇరుసు, ఎద్దు కడుపు, తోలేటోడు. నేను కొలిసింది కాదు, బీరప్ప కొలిసిండు అని గూడ చెప్పిన.

ములాఖత్‌కు ఆండాళు కుంటుకుంట వచ్చింది. కాలు అతికింది గని జర పొట్టిగయింది. గుర్వమ్మ బండిల నల్లగొండ దాక వచ్చినట్టు చెప్పింది.

"తోట ఏమయింది?" అని అడిగిన.

"నేనెట్లున్న అని అడగవా?" అన్నది. అడిగిన. తర్వాత చెప్పింది.

మిల్ట్రీ డేరాలు ఎత్తినంక దొర మనుషులు మల్ల ముండ్లకంప పట్టుకొచ్చిండ్రట. గుర్వమ్మ తన బండిని ఆరు మూరల బాట నడుమ అడ్డంగ నిలిపి, ఎద్దును ఇప్పి, బండి కిందనే వండుకొని తిన్నదట, నాలుగు రోజులు. సాలోళ్లు పొద్దు పొద్దంత పడుగులు చుట్టకుంట చెట్లకు కట్టే ఉంచిండ్రట. నేను అస్సలు అనుకోని సంగతి ఏందంటె, వీరేశం సేటు దుకాణాలోళ్లను ఎంటబెట్టుకొని రామన్నపేట తాసీలు కచ్చీరుకు పోయి కూసున్నడు. సంగం అంటె భయపడే మనిషి. బాట బంద్ అయితె నా దుకాణం బంద్ అని దరఖాస్తు ఇచ్చిండు. పది తిరుగుళ్లకు ఒక అధికారి వచ్చి చూసిండు. బండి చక్రాల జాడలు చూసిండు, పడుగులు చూసిండు, ఒడ్డు బాట మీద నడిసిండు. చెట్లు, కాయలు దొరవి. బండి బాట, ఒడ్డు బాట, నడుమ గడ్డి అందరివి అని రాసిపోయిండు.

"నా బుక్కు ఉంటె పనికొచ్చేది" అన్న.

"నీ బుక్కు లేదు కాబట్టే పని అయింది" అన్నది ఆండాళు. "దాంట్ల సంగం తీర్మానం అని రాసి ఉన్నదాయె. గది చూస్తె దుకాణాలోళ్లను గూడ జేల్ల ఏసెటోళ్లు."

బీరప్ప సంగతి అడిగితె తలకాయ ఊపింది. ఏమీ తెల్వదన్నట్టు.

నలబై తొమ్మిది వానకాలం మొదట్ల నన్ను ఇడిసిపెట్టిండ్రు. రామన్నపేట నుంచి నడిసి వచ్చిన. రెండు సైకిళ్లు మిల్ట్రీ తీస్కపోయింది, రెండు తుప్పుపట్టి ఉన్నయి. గడ్డి మల్ల మొలిసింది. లారీలు దిగవడ్డ గుంటలల్ల నీళ్లు నిలిసి, గొర్రెపిల్లలు తాగుతున్నయి. అవి బీరప్ప మందలయి. గాయన తమ్ముడు కాస్తుండు. బీరప్పను ఎండకాలంల గుట్టల్ల కాల్చిచంపిండ్రని, శవం గూడ ఇయ్యలేదని గా తమ్ముడే చెప్పిండు. చెప్పి, గొర్లు పక్కకు పోతుంటె అదిలించుకుంట పోయిండు. నేను చెట్టు కింద శానసేపు కూసున్న. నేను జేల్ల లీడర్ లెక్క నవ్విన వారం రోజులు యాదికొచ్చి మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలె.

ఇంటికొచ్చి మల్ల మగ్గం ఎక్కిన. కాళ్లు మరిచిపోయినయి, మొదటి చీరె వంకరొచ్చింది. ఆండాళు దాన్ని మొలకు కట్టుకొని, "బాట లెక్కనే ఉన్నది" అన్నది. పొద్దుమీకి తుప్పు సైకిళ్లను బాగు చేసుకుంట దుకాణం గూడ తెరిసిన.

గా సంవత్సరం దీపావళి దాటినంక బండి బాట మీద కొత్త పేచీ వచ్చింది. వీరేశం సేటు దుకాణం ఎనక పందిరి వేసి, అది రెండు మూరలు బాట మీదికి జరిపిండు. మనిషికి కచ్చీరు దాక పోయొచ్చిన ధైర్యం ఉండె. ఎద్దు కొమ్ములకు పందిరి తగులుతాందని గుర్వమ్మ అందరిని పిలిసింది. తోటల కూసున్నరు. బీరప్ప కూసునే రాయి మీద ఎవరు కూసోలె. గుర్వమ్మ జరసేపు నిలబడి నిలబడి, ఆఖరుకు తనే దానిమీద కూసున్నది. నన్ను రాసుకొమ్మన్నరు. రాయుడే, మాట్లాడను అని ముందుగాలనే చెప్పిన.

మాట్లాడిన. బాట అందరిది అని, గది ఎంత కష్టం మీద దక్కిందో అని, ఒక్కొక్కలు ఒక్కొక్క మూర మింగితె ఇగ బాట ఏడ ఉంటదని. మంచిగనే వచ్చింది. పందిరి తీసేయాలె, బాట మొదటి నుంచి చివరి దాక మల్ల కొలవాలె అన్న. వీరేశం సేటు అడ్డం చెప్పలె. "సరే, కొలువు" అని ఊకున్నడు. గా ఊకునుడుల ఏదో ఉన్నదని నాకు తట్టలె.

తెల్లారి తాడు పట్టుకొని రేవు నుంచి మొదలుపెట్టిన. ఎనక గుర్వమ్మ, వీరేశం, ఇంకొంతమంది. వీరేశం పందిరి రెండు మూరలు బాటల ఉన్నది, తీసేయుమన్న, గాయన అక్కడికక్కడ గుంజలు పీకిచ్చిండు. తర్వాతిది నా సైకిల్ దుకాణం ఎనక దర్వాజ. సైకిళ్లు ఎక్కించేటందుకు నేను జేలు నుంచి వచ్చినంక రాళ్లతోని ఒక గద్దె కట్టుకున్న. తాడు వేసిన. గద్దె మూరన్నర బాట మీద ఉన్నది. తాడు తప్పేమో అని మల్ల వేసిన. రెండోసారి మూరన్నర మీద నాలుగు వేళ్లు వచ్చింది.

గుర్వమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. వీరేశం సేటు తన దుకాణంలకు పోయి సమ్మెట తెచ్చి నా చేతుల పెట్టిండు. ఎండ మస్తుగ ఉండె. నేను అంగి ఇప్పి పక్కకు పెట్టి గద్దె పలగగొట్టుడు మొదలుపెట్టిన. రామన్నపేట పోవాలె, సైకిల్ కిరాయికి కావాలె అని ఎవరో ఇద్దరు వచ్చి నీడకు నిలబడి చూస్తుండ్రు. ఆండాళు గడప మీద కూసోని, ఏ రాయి ముందు తీస్తె తొందరగ అయితదో చెప్తాంది.